అమెరికా సిటిజన్‌షిప్ టెస్ట్: మనవాళ్లు పదేపదే అడిగే ప్రశ్నలు

గ్రీన్‌కార్డ్ కోసం ఏళ్లకేళ్లు క్యూలో ఉన్నవాళ్లు కూడా సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ అనగానే పదో తరగతి పబ్లిక్ పరీక్ష ముందు పిల్లల్లా కంగారు పడిపోతుంటారు. పిల్లల దగ్గరికి వచ్చి స్థిరపడిన అమ్మానాన్నల సంగతి ఇక చెప్పక్కర్లేదు, నెలల ముందు నుంచే నిద్ర ఉండదు. గుడి దగ్గర, పుట్టినరోజు పార్టీల్లో, వాట్సాప్ గ్రూపుల్లో మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలకు నాకు తెలిసిన జవాబులు ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. నేను లాయర్‌ని కాను. అరెస్టులు, పాత కేసులు, ట్యాక్స్ బకాయిలు ఉన్నవాళ్లు ఇది చదివి ఊరుకోకుండా ఇమిగ్రేషన్ లాయర్‌ని కలవండి.

అసలు ఈ టెస్ట్ ఎలా ఉంటుంది? రాత పరీక్షా, కంప్యూటర్ మీదా?

రెండూ కాదు. మీరు సిటిజన్‌షిప్ కోసం ఎన్-400 అనే అప్లికేషన్ వేస్తారు, కొన్ని నెలలకు యూఎస్‌సీఐఎస్ (అమెరికా ఇమిగ్రేషన్ శాఖ) వాళ్లు తమ ఫీల్డ్ ఆఫీసుకి ఇంటర్వ్యూకి పిలుస్తారు, ఆ ఇంటర్వ్యూలోనే టెస్ట్ కూడా అయిపోతుంది. ఒక గది, ఒక ఆఫీసర్, ఎదురుగా మీరు. ఇంగ్లీష్ మాట్లాడటం, ఒక వాక్యం చదవడం, ఒక వాక్యం రాయడం, అమెరికా చరిత్ర, ప్రభుత్వం గురించిన సివిక్స్ ప్రశ్నలు, ఇవే టెస్ట్. సివిక్స్‌లో ఏ, బీ, సీ, డీ ఆప్షన్లు ఉండవు. ఆఫీసర్ నోటితో అడుగుతారు, మీరు నోటితో చెప్పాలి.

వంద ప్రశ్నలా, నూట ఇరవై ఎనిమిదా? ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతున్నారు.

ఇద్దరూ చెప్పేది నిజమే, మీరు అప్లికేషన్ ఏ రోజు ఫైల్ చేశారన్నదే తేడా. 2025 అక్టోబర్ 20 కంటే ముందు ఫైల్ చేసినవాళ్లకి 2008 నాటి పాత టెస్ట్: 100 ప్రశ్నల జాబితా, అందులోంచి 10 అడుగుతారు, 6 చెబితే పాస్. ఆ తేదీన గానీ, ఆ తర్వాత గానీ ఫైల్ చేసినవాళ్లకి కొత్త టెస్ట్: 128 ప్రశ్నల జాబితా, 20 దాకా అడుగుతారు, 12 సరిగ్గా చెప్పాలి. 12 పూర్తయిన వెంటనే ఆపేస్తారు. 9 తప్పులైనా ఆపేస్తారు, అది మాత్రం మనకి వద్దు.

పక్కింటివాళ్ల అమ్మగారు రెండేళ్ల కింద పాసైన పుస్తకం అడిగి తెచ్చుకుని అదే చదివేస్తుంటారు కొందరు. దాన్ని పక్కన పెట్టేయండి. కొత్త జాబితా యూఎస్‌సీఐఎస్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. డబ్బులు పెట్టి యాప్‌లు కొనాల్సిన అవసరం నాకైతే కనిపించలేదు.

128 బట్టీ పట్టేస్తే అయిపోతుందిగా?

అందరూ ఇలాగే అనుకుంటారు, దెబ్బ తినేదీ ఇక్కడే. బట్టీ పట్టడం మనకి కొత్త కాదు. డెబ్బై ఏళ్ల పెద్దాయన కూడా రోజుకి ఐదారు చొప్పున చదివితే నెలలో 128 అప్పజెప్పేస్తారు. ఇంటర్వ్యూలో ఎక్కువసేపు నడిచేది మాత్రం సివిక్స్ కాదు, మీ ఎన్-400 ఫారం. ఆఫీసర్ ఆ ఫారం ముందు పెట్టుకుని అడ్రస్, ఉద్యోగం, ప్రయాణాలు, పెళ్లి, పిల్లలు, ఆ తర్వాత "హ్యావ్ యూ ఎవర్" అంటూ వరసగా అడుగుతూ పోతారు. మీ ఇంగ్లీష్ ఎంతో వాళ్లు తేల్చుకునేది ఆ మాటల్లోనే.

మా దగ్గర ఒక అత్తయ్యగారితో మాక్ ఇంటర్వ్యూ చేశాం. సివిక్స్ అంతా గడగడా చెప్పేశారు. తర్వాత ఫారం మొదలుపెట్టి, "చట్టవిరుద్ధంగా జూదం ఆడారా?" అని ఇంగ్లీష్‌లో అడిగితే "యెస్ సర్". "డ్రగ్స్ అమ్మారా?" "యెస్ సర్". "ఒకేసారి ఇద్దరిని పెళ్లి చేసుకుని ఉన్నారా?" దానికీ చిరునవ్వుతో "యెస్". అందరం పడీపడీ నవ్వాం గానీ, నిజం ఇంటర్వ్యూలో అదే జరిగితే నవ్వులాట కాదు. పెద్దవాళ్లు ఎదురుగా ఉన్న అధికారిని గౌరవించడమంటే ఔననడమే అనుకుంటారు. అర్థం కాకపోతే "ప్లీజ్ రిపీట్" అనడం తప్పు కాదని వాళ్లకి ముందు నేర్పండి, జార్జ్ వాషింగ్టన్ తర్వాత. మళ్లీ చెప్పమంటే ఆఫీసర్ చెబుతారు, వేరే మాటల్లో కూడా అడుగుతారు.

ఇంకోటి, మన తల ఊపుడు. మనకి అది "సరే", వాళ్లకి అది ఔనో కాదో తెలియదు. యెస్ అయినా నో అయినా నోటితో పైకి చెప్పాలి.

మరి ఎలా ప్రిపేర్ అవ్వాలి?

నా పద్ధతి చెబుతాను. మీరు ఫైల్ చేసిన ఎన్-400 కాపీ ప్రింట్ తీయండి. కాపీ లేకుండా ఇంటర్వ్యూకి వెళ్లే ఆలోచనే పెట్టుకోవద్దు. అందులో ప్రతి ప్రశ్న కింద తెలుగులో అర్థం రాయండి, ఆ పక్కన మామూలు ఇంగ్లీష్‌లో ఒక చిన్న వాక్యం రాయండి. ఎందుకంటే కొందరు ఆఫీసర్లు యెస్ అనో నో అనో చెప్పాక కూడా "వాట్ డస్ దట్ మీన్?" అని మాట అర్థం అడుగుతారు. "ఓత్" అంటే "ఎ ప్రామిస్ టు టెల్ ద ట్రూత్", అంత చాలు. "టెర్రరిస్ట్" అంటే "ఎ పర్సన్ హూ కిల్స్ ఇన్నోసెంట్ పీపుల్". గ్రామర్ తప్పితే ఎవరూ మార్కులు కోయరు, అర్థమైతే చాలు.

తర్వాత వినడం. రోజూ కొడుకో కోడలో మాత్రమే అడుగుతుంటే ఆ గొంతుకి, ఆ యాసకి అలవాటు పడిపోతారు, అక్కడ ఆఫీసర్ గబగబా అడిగేసరికి బుర్ర ఆగిపోతుంది. మనవళ్లని అడగమనండి, ఇక్కడ పుట్టిన పిల్లల ఇంగ్లీష్ ఆఫీసర్ ఇంగ్లీష్‌కి దగ్గరగా ఉంటుంది. స్కూలు నుంచి రాగానే ఓ పది నిమిషాలు తాతయ్యకి ఇంటర్వ్యూ చేయమంటే పిల్లలకీ సరదానే. పోలీసులా కుర్చీలో కూర్చుని మరీ అడుగుతారు.

ఇంకో మాట, లాబీ నుంచి గదికి నడిచే దారిలో ఆఫీసర్ "ఎలా వచ్చారు, వాతావరణం ఎలా ఉంది" అని పలకరిస్తారు. అప్పటికే మీ ఇంగ్లీష్ వింటున్నారని గుర్తుంచుకుని రెండు ముక్కలు మాట్లాడండి.

సివిక్స్‌లో మనవాళ్లు ఎక్కడ తడబడతారు?

ప్రభుత్వం గురించిన ప్రశ్నలు మనకి తేలికే, హైస్కూల్ సాంఘిక శాస్త్రం గుర్తుంటే సగం వచ్చినట్టే. సెనేటర్ పదవీకాలం ఆరేళ్లు, మన రాజ్యసభ సభ్యుడిలాగే. హౌస్ (మన లోక్‌సభ లాంటి దిగువ సభ) సభ్యులు 435 మంది, వాళ్లకి మాత్రం రెండేళ్లే. సుప్రీంకోర్టులో 9 మంది జడ్జిలు. మన రాజ్యాంగానికి వందకు పైగా సవరణలు జరిగితే ఇక్కడ ఇన్నేళ్లలో 27 మాత్రమే.

తడబడేది చరిత్ర దగ్గర. మొదటి 13 రాష్ట్రాల్లో ఐదు చెప్పమంటారు. న్యూజెర్సీ, న్యూయార్క్, పెన్సిల్వేనియా, వర్జీనియా, జార్జియా అని చెప్పేయండి, వీటిలో ప్రతిదాంట్లో ఎవరో ఒక చుట్టం ఉండే ఉంటారు కాబట్టి మర్చిపోరు. టెక్సాస్, కాలిఫోర్నియా మాత్రం చెప్పకండి, అవి ఆ తర్వాత చేరినవి. మెమోరియల్ డే, వెటరన్స్ డే రెండూ మనకి సేల్స్‌గానే పరిచయం, కానీ మొదటిది యుద్ధాల్లో చనిపోయిన సైనికుల కోసం, రెండోది సైన్యంలో పనిచేసిన అందరి కోసం. అలాగే యూరోపియన్లు రాకముందు ఇక్కడ ఎవరుండేవారు అంటే "నేటివ్ అమెరికన్స్" అనండి. "ఇండియన్స్" అని ఊరుకుంటే మన గురించి చెబుతున్నారనుకుంటారు!

కొత్త జాబితాలో కొన్ని ప్రశ్నలు పాతవాటికంటే లోతుగా ఉన్నాయి. అలెగ్జాండర్ హామిల్టన్, జేమ్స్ మాడిసన్, ఐసెన్‌హోవర్ దేనికి ప్రసిద్ధి, కొరియా యుద్ధంలోకి, వియత్నాం యుద్ధంలోకి అమెరికా ఎందుకు దిగింది, ఇలాంటివి. యుద్ధాల ప్రశ్నకి "కమ్యూనిజం వ్యాప్తిని ఆపడానికి" అన్న ఒక్క జవాబు ఆ రెండు చోట్లా పనికొస్తుంది. జాబితాలో ఒక ప్రశ్నకి ఐదారు జవాబులు ఇచ్చి ఉంటే అన్నీ నేర్చుకోనక్కర్లేదు, ఎన్ని అడిగారో అన్నే చెబితే చాలు. పలకడానికి తేలికైనవి ఎంచుకోండి.

గవర్నర్ ఎవరు, సెనేటర్ ఎవరు, ఇవి పుస్తకంలో లేవే?

ఉండవు, ఎందుకంటే అవి మారుతుంటాయి. ప్రెసిడెంట్, వైస్ ప్రెసిడెంట్, హౌస్ స్పీకర్, మీ రాష్ట్ర గవర్నర్, సెనేటర్లలో ఒకరు, మీ ఏరియా హౌస్ ప్రతినిధి, ఈ పేర్లు ఇంటర్వ్యూ ముందు రోజు మరోసారి చూసుకోండి. రాష్ట్ర రాజధాని కూడా అడుగుతారు. డాలస్‌లో ఉన్నా జవాబు ఆస్టిన్. ఎడిసన్‌లో ఉన్నా ట్రెంటన్. షికాగో చుట్టుపక్కల ఉన్నవాళ్లకి స్ప్రింగ్‌ఫీల్డ్, బే ఏరియావాళ్లకి శాక్రమెంటో.

చదవడం, రాయడం ఎంత కష్టం?

చాలా తేలిక. మూడు వాక్యాల్లో ఒక్కటి సరిగ్గా చదివితే చాలు, మూడింటిలో ఒక్కటి సరిగ్గా రాస్తే చాలు. "హూ క్యాన్ ఓట్?" అని చదివిస్తే "సిటిజన్స్ క్యాన్ ఓట్" అని రాయించే స్థాయిలో ఉంటాయి. వాడే పదాల జాబితా కూడా వాళ్లే ఇచ్చారు. చిక్కల్లా టాబ్లెట్ మీద స్టైలస్‌తో రాయాల్సి రావడం. కాగితం మీద ముత్యాల్లాంటి అక్షరాలు రాసే పెద్దవాళ్లకి కూడా ఆ నున్నటి గాజు మీద చెయ్యి జారుతుంది, అరచెయ్యి ఆనిస్తే గీతలు పడతాయి. ఇంట్లో ఐప్యాడ్ ఉంటే పెన్సిల్ ఇచ్చి రాయించండి. పెద్దగా, నెమ్మదిగా రాస్తే చాలు.

అరవై దాటితే టెస్ట్ ఉండదట కదా?

అబద్ధం. అన్నిటికంటే ఎక్కువగా తిరిగే పుకారు ఇదే. వయసొక్కటే చూడరు, గ్రీన్‌కార్డ్‌తో ఇక్కడ ఎన్నేళ్లున్నారో కూడా చూస్తారు. వయసు 50 దాటి గ్రీన్‌కార్డ్ మీద 20 ఏళ్లు ఉన్నా, 55 దాటి 15 ఏళ్లు ఉన్నా ఇంగ్లీష్ పరీక్ష ఉండదు, సివిక్స్ తెలుగులో చెప్పొచ్చు, ఇంటర్‌ప్రెటర్‌ని మీరే తీసుకెళ్లాలి. 65 దాటి 20 ఏళ్లున్నవాళ్లకి ఇంకా తేలిక, జాబితాలో నక్షత్రం గుర్తు ఉన్న 20 ప్రశ్నలు చదివితే చాలు, వాటిలో 10 అడుగుతారు, 6 చెబితే పాస్, అదీ తెలుగులోనే.

మరి మన అమ్మానాన్నలు? రిటైరయ్యాక 62వ ఏట గ్రీన్‌కార్డ్ వచ్చి 67వ ఏట అప్లై చేస్తే ఐదేళ్లే అయ్యాయి కాబట్టి పై మినహాయింపుల్లో ఒక్కటీ వర్తించదు. పూర్తి టెస్ట్, పూర్తి ఇంగ్లీష్. మతిమరుపు జబ్బు, పక్షవాతం లాంటి ఆరోగ్య కారణాల వల్ల నేర్చుకోలేని స్థితి ఉంటే ఎన్-648 అనే ఫారం డాక్టర్ నింపి ఇవ్వొచ్చు, కానీ "పెద్దవయసు, గుర్తుండటం లేదు" అన్నది ఒక్కటే కారణంగా చెల్లదు.

అమ్మానాన్నలు ఏడాదిలో ఆరు నెలలు ఇండియాలో ఉంటారు. పర్వాలేదా?

జాగ్రత్త. మామూలుగా గ్రీన్‌కార్డ్ వచ్చి ఐదేళ్లవ్వాలి, సిటిజన్‌ని పెళ్లాడి వాళ్లతోనే కాపురం ఉంటున్నవాళ్లకి మూడేళ్లు. ఆ గడువుకి 90 రోజుల ముందు నుంచే ఫైల్ చేయొచ్చు. ఐదేళ్లలో కనీసం 30 నెలలు శరీరంతో సహా ఇక్కడ ఉండాలి. ఆరు నెలలు అక్కడ, ఆరు నెలలు ఇక్కడ అంటే లెక్క సరిగ్గా అంచు మీద ఉంటుంది, ఒక్క పెళ్లికో ఒక్క ఆపరేషన్‌కో నాలుగు వారాలు ఎక్కువ ఉంటే తప్పిపోయినట్టే. పైగా ఒక్క ట్రిప్పే ఆరు నెలలు దాటితే ఇక్కడి నివాసం తెగిపోయిందని అనుకుంటారు, కాదని మీరు ఆధారాలతో నిరూపించుకోవాలి. ఏడాది దాటితే తెగిపోయినట్టే.

ప్రయాణాల తేదీలన్నీ ఫారంలో రాయాలి. పాస్‌పోర్టు స్టాంపులు, పాత టికెట్ ఈమెయిళ్లు దగ్గర పెట్టుకుని రాయండి. ఇంటర్వ్యూలో వీటి గురించి అడిగి తీరతారు.

నాన్నగారు ఒకప్పుడు కమ్యూనిస్టు పార్టీలో తిరిగారు. ఏం రాయాలి?

మనవాళ్లకి ఇది చిన్న ప్రశ్న కాదు. తెలంగాణ సాయుధ పోరాటం దగ్గర్నుంచి కాలేజీ యూనియన్ల దాకా మన ఊళ్లలో ఎర్రజెండా తాకని కుటుంబం వెతకాల్సిందే. ఫారంలో అడిగేది "ఎప్పుడైనా" అని, ప్రపంచంలో ఎక్కడైనా అని. చట్టం ముఖ్యంగా పట్టించుకునేది ఫైల్ చేసే ముందు పదేళ్లలో సభ్యత్వం. అందుకని నలభై ఏళ్ల కిందటి సంగతికి భయపడి దాచడం అనవసరం, దాచి పట్టుబడితే అబద్ధం చెప్పారన్న మచ్చ అసలు విషయం కంటే పెద్దదవుతుంది. గ్రీన్‌కార్డ్ అప్పుడు కూడా ఇదే అడిగి ఉంటారు, అప్పుడేం చెప్పారో ఆ కాపీ తీసి చూడండి. రెండు చోట్లా వేరువేరుగా ఉంటే ఫైల్ చేసే ముందే లాయర్ దగ్గరికి వెళ్లండి.

"ఆయుధాలు పడతారా" అని అడిగారట ఒక బామ్మగారిని! నిజమేనా?

నిజమే, అందరినీ అడుగుతారు. చట్టం అవసరమైతే దేశం తరఫున ఆయుధం పట్టడానికి, సైన్యంలో పోరాటం కాని సేవ చేయడానికి, లేదా దేశానికి ముఖ్యమైన పౌర పనులు చేయడానికి సిద్ధమేనా అని. "బేర్ ఆర్మ్స్" అన్నమాట విని చేతులు చూపించినవాళ్లున్నారు. బామ్మగారిని ఎవరూ యుద్ధానికి పంపరు, అర్థం చేసుకుని యెస్ అంటే చాలు. మతవిశ్వాసం వల్ల నిజంగా అభ్యంతరం ఉన్నవాళ్లకి మినహాయింపు ఉంది, దానికి వివరణ ఇచ్చుకోవాలి.

స్పీడింగ్ టికెట్లు కూడా చెప్పాలా?

ఫారంలో అరెస్టుతో పాటు "సైటెడ్" అన్నమాట కూడా ఉంది, టికెట్ అంటే అదే. కాబట్టి చెప్పేయండి, ఫైన్ కట్టిన రసీదు ఉంటే పట్టుకెళ్లండి. చిన్నాచితకా టికెట్ల వల్ల సిటిజన్‌షిప్ ఆగదు. తాగి నడిపిన కేసు మాత్రం వేరే సంగతి, లాయర్ లేకుండా ఫైల్ చేయొద్దు. అంతకంటే ప్రమాదం ఇంకోటి ఉంది: డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసులో చూసుకోకుండా ఓటరు రిజిస్ట్రేషన్ బాక్స్‌లో టిక్ పెట్టేయడం. గ్రీన్‌కార్డ్‌వాళ్లు ఓటుకి నమోదు కాకూడదు. అలా ఏమైనా జరిగిందని అనుమానం ఉన్నా ముందు లాయర్‌తో మాట్లాడండి.

నా పాస్‌పోర్టులో ఇంటిపేరు, పేరు కలిసిపోయి ఇక్కడ అన్నిట్లో ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడింది. ఇప్పుడైనా మార్చుకోవచ్చా?

ఇంతకంటే మంచి అవకాశం దొరకదు. ఎన్-400లోనే కొత్త పేరు కావాలని రాయొచ్చు. జడ్జి ముందు జరిగే ఓత్‌లో, అంటే సిటిజన్‌గా ప్రమాణం చేసే కార్యక్రమంలో, ఆ పేరు చట్టబద్ధంగా మారుతుంది, విడిగా కోర్టు ఫీజు ఉండదు. అన్ని ఊళ్లలోనూ కోర్టు ఓత్‌లు తరచుగా జరగవు కాబట్టి కొంచెం ఎక్కువ రోజులు ఆగాల్సి రావచ్చు. ఏళ్ల తరబడి "మిస్టర్ ఎఫ్ఎన్‌యూ" అనిపించుకున్నవాళ్లకి అదో లెక్క కాదనుకోండి.

ఫీజు ఎంత? ఫెయిలైతే మళ్లీ కట్టాలా?

2024 ఏప్రిల్‌లో వచ్చిన రేట్ల ప్రకారం ఆన్‌లైన్‌లో 710 డాలర్లు, కాగితం మీద వేస్తే 760, ఆదాయం తక్కువున్నవాళ్లకి 380. కట్టే ముందు సైట్‌లో ఒకసారి చూసుకోండి. మొదటిసారి ఏ భాగంలో ఫెయిలయ్యారో ఆ భాగానికే 60 నుంచి 90 రోజుల్లో మళ్లీ పిలుస్తారు, దానికి ఫీజు లేదు. రెండోసారీ పోతే అప్లికేషన్ తిరస్కరిస్తారు, అప్పుడు కొత్తగా ఫీజు కట్టి మళ్లీ మొదలుపెట్టాలి.

పిల్లలకి విడిగా అప్లై చేయాలా?

18 లోపు ఉండి, గ్రీన్‌కార్డ్ ఉండి, మీ సంరక్షణలో మీతోనే ఉంటుంటే తల్లిదండ్రుల్లో ఒకరు సిటిజన్ అయిన రోజునే వాళ్లూ అయిపోతారు. నేరుగా పాస్‌పోర్టుకి వెళ్లొచ్చు. 18 దాటిన అబ్బాయిలు సొంతంగా అప్లై చేసేటప్పుడు సెలెక్టివ్ సర్వీస్ (అవసరమైతే సైన్యంలోకి పిలవడానికి పెట్టుకునే జాబితా) రిజిస్ట్రేషన్ అడుగుతారు. 18 నుంచి 26 మధ్యలో గ్రీన్‌కార్డ్‌తో ఉన్నవాళ్లు నమోదవ్వాలి, ఆ వయసంతా హెచ్4 (డిపెండెంట్), ఎఫ్1 (స్టూడెంట్) వీసాల మీదే ఉన్నవాళ్లకి అక్కర్లేదు.

ఇండియా పౌరసత్వం పోతుందా? ఊళ్లో పొలం సంగతేంటి?

పోతుంది. మన రాజ్యాంగం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. ఓత్ తీసుకున్నాక ఇండియన్ పాస్‌పోర్టు సరెండర్ చేయాలి, తర్వాత ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకి ఇండియా ఇచ్చే కార్డు) తీసుకోవచ్చు. దాంతో వీసా గొడవ లేకుండా ఎన్నాళ్లైనా ఉండొచ్చు, ఓటు మాత్రం ఉండదు. ఉన్న పొలం ఎక్కడికీ పోదు, వారసత్వంగా వచ్చేదీ తీసుకోవచ్చు. కొత్తగా వ్యవసాయ భూమి గానీ ఫామ్‌హౌస్ గానీ కొనడానికి వీల్లేదు. ఇల్లు, ఫ్లాట్ కొనుక్కోవచ్చు. పొలం కొనాలన్న ఆలోచన గట్టిగా ఉన్నవాళ్లు ఈ ఒక్క విషయం మీదే నిర్ణయం వాయిదా వేసుకోవడం చూశాను, అది తప్పని నేననను.

ఓత్ డేట్ వచ్చింది, ఆ తర్వాతి వారమే విజయవాడలో పెళ్లి. వెళ్లొచ్చా?

కష్టం. ఓత్ రోజు గ్రీన్‌కార్డ్ వాళ్లు తీసేసుకుంటారు, సర్టిఫికెట్ చేతికిస్తారు. ఆ క్షణం నుంచి ఇండియన్ పాస్‌పోర్టు వాడటం చట్టప్రకారం నేరం. అమెరికా పాస్‌పోర్టు రావాలి, ఆ తర్వాత ఇండియా వీసానో ఓసీఐనో కావాలి, ఇవన్నీ వారంలో తేలేవి కావు. పెళ్లి తప్పనిసరైతే కారణం రాసి ఓత్ వాయిదా అడగండి, గ్రీన్‌కార్డ్ మీదే వెళ్లి రండి. ఇంటర్వ్యూకీ ఓత్‌కీ మధ్య చేసిన ప్రయాణాలు కూడా ఓత్ రోజు ఇచ్చే ఫారంలో రాయాలి, ఆ తేదీలు నోట్ చేసి పెట్టుకోండి.